పసుపెక్కిన పంచెలు

మా ఇంట్లోకి వచ్చిన మిషన్లలో నాతో బాగుండాదని అనిపించుకున్నది ఒక్కటీ లేదు. మిక్సీలో తిప్పిన ఊరిబిండి నోట్లో పెట్టుకుంటే రుచే తెలీదు. కొత్త టీవీలో ఆకాశం చూస్తే కాగు కడిగిన నీళ్ల మాదిరి ఉంటాది, దాన్ని జనాలు కండ్లప్పగిచ్చి ఎట్ల చూస్తాండారో నాకు అర్థం గాదు. వీధిలో అందరూ ఎల్ఈడీ బల్బులు పెట్టుకున్నారని మేమూ పెట్టుకుంటిమి. పాలు పోసినట్టు తెల్లగా ఉంటాదన్నా అని అంగడోడు చెప్పినాడు. తెచ్చి పెడితే గోడలకు పసుపు నీళ్లు చల్లినట్టుండాది. మూడు తూర్లు మార్పిచ్చినా, మూడూ అంతే. ఇప్పుడు ఆ అంగడోడు నన్ను దూరం నించి చూస్తానే లోపలికి పోతాండాడు.

అన్నిట్లోకీ పాపిష్టిది బట్టలుతికే మిషన్. మా కూతురు త్రివేణి, అమ్మకు చేతులు నొప్పులు పుడతాండాయని హిందూపురం నించి పంపిచ్చింది. పంపిచ్చిన కొన్నాళ్లకే నా పంచెలు పసుపెక్కినాయి. నేను పట్టునూలుకు రంగులేసేవాణ్ణి, పనిలో కట్టుకునే పంచెకు ఏడు రంగులున్నా పట్టించుకోను. బజారుకు కట్టుకుపోయే పంచె మాత్రం మల్లెపూవు మాదిరి ఉండల్ల. నా పెండ్లాం భద్రమ్మ సబ్బుపొడి మార్చింది, నీలిమందు పోసింది, ఎండలో ఆరేసి తెచ్చి చూపిచ్చింది. తెల్లగానే ఉండాది గదయ్యా అనేది. రంగు గురించి నాకే చెప్తావా అని అరిచేవాణ్ణి. ఒక దినం తిక్క రేగి, ఆ మిషన్ను పెరికి పక్కింటి ఓబుళేసుకు ఇచ్చేస్తి. ఎందుకన్నా అని వాడు అడిగితే, దీంట్లో వేస్తే పంచెలు పసుపెక్కుతాండాయి, నీ లుంగీలకైతే చెల్లుతాది అని చెప్పినా. ఆ పొద్దు నించి భద్రమ్మ మళ్లా రాయి మీదనే ఉతకబట్టింది. 

నా పేరు వెంకటరాముడు. ధర్మవరంలో నలభై ఏండ్లుగా ఇదే పని. మా నాయన పోతాపోతా నాకిచ్చింది ఒక రాగి కాగు, ఒక కట్టుబాటు. నూలు కాగులో మునిగినాక, రంగు ఎత్తే గడియ దగ్గరికొచ్చినాక, ఆడ ఎవురూ నోరు తెరవకూడదు. తడి నూలు ఎప్పుడూ ఒక మెట్టు ముదురు కనపడతాది. అది ఆరితే యాడికి దిగుతాదో చూసేవాని కన్నే చెప్పల్ల. రవ్వంత ముందు ఎత్తితే పాలిపోతాది, రవ్వంత ఆలస్యమైతే మాడిపోతాది. అందుకే మాటలు కూడదు.

భద్రమ్మ ముప్పై ఐదేండ్లు ఆ కట్టుబాటు తప్పలేదు. పొయ్యి ముందర కూచొని కట్టెలు ఎగదోస్తా బొమ్మ మాదిరి ఉండేది. పోయిన ఉగాది దాటినాక ఏమైందో ఏమో, సరిగ్గా ఎత్తే గడియకే నోరు తెరుస్తాది. కూడు సల్లారతాండాది లెయ్ అంటాది. చేతులు కాలవా ఎంతసేపు అంటాది. ఇంగ కొంచెం సేపుండు కట్టెలు తెస్తా అంటాది. వయసయ్యేకొద్దీ ఆడోళ్లకు వాగుడెక్కువైతాదని తిట్టుకుంటా పని చేసుకుంటాంటి.

ఫోను సంగతికి వస్తా. మొన్న ఎండాకాలంలో, కాగు మీద వంగినప్పుడు నా పాత ఫోను చొక్కా జేబులోనించి జారి రాణీరంగులో పడింది. కట్టెతో తీసేలోపల ఉడికిపోయింది. నూలు కన్నా ముందు దానికే రంగు పట్టింది. ఆ మరుసటి దినమే గోరంట్లలో భద్రమ్మ చెల్లెలు స్నానం చేసే బచ్చలింట్లో జారిపడి తొడ విరగ్గొట్టుకుందని కబురొచ్చింది. చూసుకునేదానికి ఎవురూ లేరు. ఇరవై దినాలకు ఊరగాయ, చట్నీపొడీ చేసిపెట్టి భద్రమ్మ గోరంట్ల బస్సెక్కింది. నేను కొత్త ఫోను కొనేదానికి స్టేషన్ రోడ్డులో గిరి అంగడికి పోతి.

గిరి యాభై ఏండ్లవాడు, ముందు రేడియోలు బాగుచేసేవాడు, ఇప్పుడు ఫోన్లు అమ్ముతాడు. దీనికి ఎనక నాలుగు కెమెరాలుండాయన్నా అని చూపిచ్చినాడు. నాలుగు కండ్లెందుకప్పా, నాకుండే రెండు సాలవా అంటి. నవ్వుకుంటా అదే కట్టబెట్టినాడు. సబ్బు బిళ్ల కన్నా జారతాది. తెలీకుండా ఏలు తగిలితే యాడికో పోతాది, మళ్లా ఎనక్కి రావల్లంటే మనకు దారి తెలీదు. దేన్నైనా చూద్దామని తెరిస్తే, నేను అడగంది నాలుగు చూపిస్తాది.

సుదర్శన్ సెట్టికి బజార్లో పట్టుచీరల అంగడి ఉండాది. వాళ్ల నాయన కాలం నించి వాళ్ల చీరలకు మా కాగు రంగే. ముందైతే ఏదో ఒక పాత చీరలో నాలుగు పోగులు లాగి, కాగితానికి చుట్టి పంపేవాళ్లు. అదే నమూనా. పోగు చేతిలో పెట్టుకొని ఎండలో ఒక తూరి, నీడలో ఒక తూరి చూస్తే రంగు దానంతటదే చెప్తాది. ఇప్పుడు పోటోలు. కదిరి పెండ్లికూతురు ఒకామె ఎవురి చీరనో ఫోన్లో చూసి అదే వంగపూవు రంగు కావల్లనిందంట. పోగు తెమ్మంటే యాడనించి తెస్తారు, ఆ చీర ఎవురిదో వాళ్లకే తెలీదు. ముహూర్తం చీర, ఓబుళేసు మగ్గం మీద నేయల్ల. సెట్టి ఆ పోటో నా కొత్త ఫోనుకు పంపినాడు.

ఇల్లు నిమ్మళంగా ఉండాది. వాగేవాళ్లు లేరు. మా నాయన చెప్పినట్టు ఈగ గూడా అరవకుండా రంగేసినా. గోడకు ఫోను ఆనించి పెట్టి, దాన్నీ నూలునూ మార్చి మార్చి చూసి, సరిపోయింది అనుకున్నాకనే ఎత్తినా. ఆరినాక తీసుకపోతే సెట్టి నూలు పట్టుకొని వాకిట్లోకి పోయినాడు, లోపలికొచ్చినాడు, మళ్లా వాకిట్లోకి పోయినాడు. మనిషి మర్యాదస్తుడు, నన్ను ఒక మాటనేదానికి నోరు రాక అల్లాడినాడు. ఆఖరికి, ఇది శానా ముదురు పోయిందన్నా, పూవు రంగు గాదు, సిరా మాదిరి వచ్చింది అన్నాడు. నాకైతే అట్ల లేదు. పోటో తీసి చూపిచ్చినా, అట్లనే ఉండాది గదా సెట్టి అని. ఆయన తన ఫోనులో పోటో తీసి నా ఫోను పక్కన పెట్టి చూసి, పాపం, నీ ఫోను సరిగ్గా చూపిస్తాండదేమో అన్నాడు.

అంతే, నాకు దోవ దొరికింది. ఫోనును తిట్టుకుంటా గిరి అంగడికి పోతి. గిరి దాన్ని తిప్పి తిప్పి చూసి, కండ్లు నొప్పి పుట్టకుండా ఉండేదానికి ఒక ఏర్పాటు ఉంటాదన్నా, అది వేసుంటే తెర పసుపు కొడతాది అన్నాడు. వేసుండాదా అంటే లేదన్నాడు. అయినా ఒక తూరి వేసి తీసేసినాడు. వెలుగు పెంచినాడు. పైన అంటిచ్చిన గాజు పెరికి కొత్తది అంటిచ్చినాడు. ఓబుళేసు వచ్చి, తన ఫోను ఇంకా అన్యాయమని చెప్పినాడు. దాంట్లో పోటో తీస్తే వానంతటోడు గూడా పెండ్లికొడుకు మాదిరి తెల్లగొస్తాడంట, వాని పెండ్లామే గుర్తుపట్టలేదంట. టీ అంగడి కాడ కూచున్న నలుగురూ నాలుగు మాటలు చెప్పినారు. ఒకరు చైనాదంతా ఇంతే అన్నారు, ఒకరు ఎండకు వేడెక్కితే రంగులు మారతాయన్నారు. నాకు వినేదానికి బాగుండాది. ఊరంతా నా పక్కనే ఉండాది, తప్పంతా ఫోనుదే.

రెండో తూరి వేసినా. ఈ తూరి సెట్టి వాకిట్లోకి గూడా పోలేదు. ఆయన మొగం చూస్తానే తెల్సిపోయింది. నూలు బల్ల మీద పెట్టి, తల దించుకొని చెప్పినాడు.

"అన్నా, కోపం చేసుకోవద్దు. ఇది బూడిద రంగు. గురువారానికి ఓబుళేసు మగ్గం ఎక్కకపోతే ముహూర్తానికి చీర అందదు. ఇంకొక్క తూరి వెయ్యి. అదీ తప్పితే కంప్యూటరు అద్దకానికి ఇచ్చేస్తా. ఆడ మిషనే రంగు కొలిచి చెప్తాదంట, మనిషి కంటితో పనిలేదు. ఇంగ అన్నీ ఆడికే ఇచ్చేద్దామని మావోళ్లు గూడా పోరు పెడతాండారు."

ఆ నూలు కట్ట చంకలో పెట్టుకొని వచ్చేస్తి. దోవలో ఎండకు తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటాండాది. నాకు ఏడుపొచ్చింది, సిగ్గెందుకు చెప్పేదానికి. అరవైకి దగ్గరబడినా. వెంకటరాముడు ఎత్తిన రంగు అంటే ఈ ఊర్లో ఇంగ మాట లేదు అని మా నాయన బతికుండగానే అనిపిచ్చుకున్నా. ఆ పేరొక్కటే నా దగ్గర ఉండేది. అరచేతిలో పట్టే ఒక అద్దం ముక్క వచ్చి దాన్ని పెరుక్కుంటాండాదే అని ఇంటిదాకా ఫోనును తిట్టుకుంటానే పోతి. ఇంటికొచ్చి టీవీ పెట్టినా, ఆకాశం అట్లనే మురికిగా ఉండాది. బల్బు ఏసినా, పసుపు. అన్నీ ఆపేసి పడుకుంటి.

మంగళవారం సాయంత్రం బస్సుకు భద్రమ్మ దిగింది. చెల్లెలు గోడ పట్టుకొని నడుస్తాండాదంట. సంచి కింద పెట్టకముందే పాడైన నూలు కట్టలు రెండూ దండెం మీద చూసింది. పట్టుకొని వెలుతురుకు తిప్పి చూసింది. నేనే ఫోను చరిత్రంతా చెప్పి, రేపు ఆఖరు తూరి అని చెప్పినా. పోటో చూపిచ్చమంది. చూపిచ్చినా. శానాసేపు చూసి, మంచి రంగే అని ఫోను నా చేతికిచ్చి, మూలన పడుండే నా పంచెలు తీసుకొని ఉతికే రాయి దగ్గరికి పోయింది.

బుధవారం పొద్దన్నే కాగు పెట్టినా. ట్యాంకరు నీళ్లు రెండు బిందెలు ఎక్కువే పోసినా, బోరునీళ్ల ఉప్పు వల్ల తప్పిందనే మాట గూడా రాకూడదని. భద్రమ్మ చేటలో చెనక్కాయలు పెట్టుకొని ఎదురుగ్గా కూచొని ఒలుస్తాండాది. నూలు ముంచినా. కట్టె మీద తిప్పుతా తిప్పుతా, గోడకుండే ఫోనునూ నూలునూ చూస్తాండా. ఇంకా పట్టల్ల అనిపిస్తాండాది. ఇంకొంచెం ఉంచల్ల.

నీళ్ల ట్యాంకరొచ్చినట్టుండాది, ఎత్తేసి రా అనింది భద్రమ్మ.

నాకు ఒళ్లు మండింది. ఇంత ముఖ్యమైన పొద్దులో గూడా వాగుడేనా అని. అయినా ఇరవై దినాలు ఆ గొంతు వినకుండా ఉంటి కదా, చెయ్యి దానంతటదే కదిలింది. నూలు ఎత్తి సల్లనీళ్లలో వేసి, బిందె తీసుకొని వీధిలోకి పోతి. ఈ కొస నించి ఆ కొస దాకా చూసినా. ట్యాంకరు లేదు. ట్యాంకరు పొద్దన్నే వచ్చి పోయింది, నీళ్లు పట్టింది నేనే.

బిందె పట్టుకొని ఎండలో అట్లనే నిలబడిపోతి. అంతవరకు తోచనిది అప్పుడు తోచింది. కూడు సల్లారతాండాదని లేపిన పొద్దు కూడు ఇంకా పొయ్యి మీదనే ఉండేది. కట్టెలు తెస్తానని పోయినప్పుడు కట్టెలు పక్కనే ఉండేవి. ఉగాది నించి ఎన్ని కాగులో, అన్ని మాటలు. ఎన్ని మాటలో, అన్నీ నేను ఎత్తినవే అనుకున్న రంగులు.

లోపలికొచ్చి బిందె మూలన పెట్టినా. ఆ చీర అంచుకు ఇంకో కట్ట వేయల్ల, అది గూడా ముంచినా. ఈ తూరి ఫోను చూడలేదు, నూలునూ చూడలేదు. ఆమె మొగం చూస్తాండా. చెనక్కాయలు ఒలుస్తాండే చేతులు మెల్లగా నిలిచిపోయినాయి. కండ్లు కాగులో ఉండాయి. చెయ్యి నొయ్యలేదా, ఇంగ లెయ్యి అనింది. నేను ఎత్తలేదు. కట్టె తిప్పుతానే ఉంటి. లెయ్యయ్యా అనింది. కదల్లేదు. చేట పక్కన పడేసి లేచొచ్చి, నా చేతిలో కట్టె లాక్కొని, నూలు తనే ఎత్తి నీళ్లలో వేసింది. చేతి ఏళ్లు కాలినాయి, నోట్లో పెట్టుకుంది.

"ఎన్నాళ్లనించే?" అని అడిగినా.

ఆమె తలకాయ పక్కకు తిప్పుకుంది.

"పోయిన ఉగాదికి చెప్తి గదయ్యా, కండ్లకు పొర వచ్చినట్టుండాది, చూపిచ్చుకో అని. నూలు నేలకేసి కొట్టి, రెండు దినాలు కూడు ముట్టలేదు నువ్వు. రంగులేసేవానికి కండ్లు పోయినాయనే మాట గడప దాటితే మన కాగులో నూలు ఎవురేస్తారు? మళ్లా చెప్పేదానికి నాకు ధైర్యం రాలేదు. నువ్వు నన్ను వాగుడుకాయ అనుకుంటే అనుకోనీలే అనుకుంటి."

ఎరుపులు నాకు ఇప్పటికీ బాగానే కనపడతాయి. నీలం కలిసిన రంగు వస్తేనే తప్పు. అది గూడా ఆమే చెప్పింది. నేను పొయ్యి గట్టు మీద కూచున్నా.  కోపం వస్తాదేమో అని చూసుకున్నా, రాలేదు. అలసటగా ఉండాది, అంతే. నలభై ఏండ్లు ఎత్తి ఎత్తి చేతులు ఇప్పుడే నొప్పి పుట్టినట్టుండాది.

నూలు ఆరినాక ఆమే తీసుకపోయి సెట్టికి ఇచ్చొచ్చింది. మధ్యాన్నం ఫోను మోగింది. సెట్టి గొంతులో సంతోషం. అచ్చం అదే రంగు, పోటో పక్కన పెడితే తేడా తెలీడంల్యా, అంచు గూడా కుదిరిపోయింది, కంప్యూటరు మాట నేను అనలేదు అనుకో అన్నాడు. ఆఖర్న, మళ్లా ఫోను మార్చినావా అన్నా, ఏం ఫోనది, నేనూ అదే కొంటా అని అడిగినాడు.

ఔను, మార్చినా అంటే అయిపోయేది. నోటిదాకా వచ్చింది. భద్రమ్మ తలుపు దగ్గర నిలబడి, వద్దని తల ఊపుతాండాది. కాలిన ఏళ్లకు చుట్టుకున్న తడిగుడ్డ కనపడింది.

"ఫోను గాదు సెట్టి. నా కండ్లకు పొర కమ్మింది. ఏడాదిగా నీకొచ్చిన రంగులన్నీ మా భద్రమ్మ ఎత్తినవి. ఆమె ఊర్లో లేని ఇరవై దినాల్లో చెడినవి రెండూ నావి. ఇంగమీద నాతో వేపిచ్చేదో, మిషనుకు ఇచ్చేదో, నీ ఇష్టం."

  అప్పుడు సెట్టి, వచ్చేవారం ఇంకో రెండు పోటోలుండాయి, అక్క నంబరుకే పంపుతా, చూడమని చెప్పు అన్నాడు. కండ్లు చూపిచ్చుకోన్నా, ఊరికే ఉండొద్దు అని గూడా అన్నాడు. మీ అక్కకు నంబరు లేదు, ఇదొక్కటే ఫోను అని చెప్పినా.

భద్రమ్మ ఏడుస్తాండాదో, పొగకు కండ్లు తుడుచుకుంటాండాదో నాకు సరిగ్గా కనపడలేదు. దండెం మీద నా పంచె ఆరేసుండాది, రాత్రి రాయి మీద బాదింది. దగ్గరికి పోయి చూసినా. ఇప్పుడు గూడా పసుపుగానే ఉండాది. దాన్ని మడత పెట్టి లోపల పెట్టి, చెప్పులేసుకొని ఓబుళేసు ఇంటికి పోతి.

ఇచ్చిన వస్తువును తిరిగి అడిగేదానికన్నా సిగ్గు ఇంకోటి లేదు. వాకిట్లో నిలబడి, ఆ బట్టల మిషను మాకు మళ్లా కావల్లప్పా అని అడిగినా. ఓబుళేసు మగ్గం గుంతలోనించి లేచొచ్చి, పంచెలు పసుపెక్కుతాయంటివి గదన్నా అన్నాడు.

"లేదప్పా," అంటి. "మా పంచెలు ఎప్పుడూ తెల్లగానే ఉండాయి."